హైదరాబాద్ ఇంటి ఆవరణలో అరకేరియా: గుంత నుంచి మూడో వేసవి దాకా

డిసెంబరు రాగానే మన నర్సరీల ముందువరస మారిపోతుంది. చామంతి కుండీల పక్కన మూరెడేసి ఎత్తున్న క్రిస్మస్ ట్రీలు, అంటే అరకేరియా మొక్కలు, వచ్చి నిలబడతాయి. 12 ఏళ్ల కిందట అలాంటిదాన్నే ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, ఎంత పెరుగుతుందని నర్సరీ అతన్ని అడిగాను. "ఎక్కువ పెరగది సార్, గింతనే ఉంటది" అన్నాడు. అతను చెప్పింది కుండీ సంగతి. నేల దొరికితే అదే మొక్క ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఎత్తుకు పోతుంది. ఆ సంగతి తెలియకుండా నాటేవాళ్లే ఎక్కువ, నాతో సహా. సైనిక్‌పురిలో మా ఇంట్లో ఇప్పుడున్నది రెండో చెట్టు. మొదటిది ఎలా పోయిందో కింద చెబుతాను. నేను నేర్చుకున్నదాంట్లో సగం దాని దగ్గరే.

ముందు ఏ మొక్కో తేల్చుకోండి

కోనిఫర్ జాతి చెట్లు, అంటే పైన్, దేవదారుల్లా పూలు పూయకుండా విత్తనాలు పెట్టేవి, తెలంగాణ అడవుల్లో సహజంగా లేవు. దక్షిణ భారతం మొత్తంలో సొంతంగా పెరిగే కోనిఫర్ ఒక్కటే, పడమటి కనుమల్లో ఉండే పోడోకార్పస్ కుటుంబపు చెట్టు. అందుకే వీటికి మన ఇళ్లల్లో పేర్లు లేవు. కోస్తాలో సరుగుడు తోట చూసి పైన్ అనుకుంటాం కానీ, అది పూలు పూసే చెట్టు. అందులో సూదుల్లా కనిపించేవి ఆకులు కూడా కాదు, సన్నటి పచ్చ రెమ్మలు. ఇక రోడ్ల మధ్య కోన్ ఆకారంలో కత్తిరించి పెంచిన కోనోకార్పస్‌కు పేరులో పోలిక తప్ప ఈ కుటుంబంతో చుట్టరికం లేదు.

మనాలీలో చూసిన దేవదారు మన ఇంట్లోనూ ఉండాలనుకుంటే ఆ ఆశ వదులుకోండి, దానికి కొండ చలి కావాలి. చలికాలంలో నర్సరీలో పసుపుపచ్చగా మెరిసే గోల్డెన్ సైప్రస్ ఉంటుంది, ఆకు నలిపితే నిమ్మ వాసన వస్తుంది. చూస్తే ఎవరికైనా కొనాలనిపిస్తుంది. మే నెల దాటించడం మాత్రం చాలా కష్టం. థూజా బతుకుతుంది గానీ, పొదలాగా ఉండిపోతుంది. పెద్ద చెట్టే కావాలి, ఏడాది పొడవునా పచ్చగా ఉండాలి, హైదరాబాద్ ఎండకు నిలబడాలి అంటే మిగిలేది అరకేరియా.

ఇందులో మన దగ్గర రెండు రకాలు కలగాపులగంగా దొరుకుతాయి: నార్ఫోక్ ఐలాండ్ పైన్, కుక్ పైన్. పేరులో పైన్ ఉన్నా రెండూ పైన్‌లు కావు. ఆస్ట్రేలియాకు తూర్పున పసిఫిక్‌లో నార్ఫోక్ అనే చిన్న దీవి ఒకదానిది, న్యూ కాలెడోనియా రెండోదానిది. 1774లో జేమ్స్ కుక్ ఓడ న్యూ కాలెడోనియా తీరానికి వచ్చినప్పుడు, దూరం నుంచి ఈ చెట్లు కనిపిస్తే అవి రాతి స్తంభాలేమో అని ఓడలో వాదన నడిచింది. వాటి సొంత గడ్డ మీద 60 మీటర్ల దాకా పెరుగుతాయి మరి. చిన్న మొక్కలుగా ఉన్నప్పుడు ఈ రెంటినీ విడదీయడం నర్సరీ వాళ్లకూ కష్టమే. పెద్దయ్యాక నార్ఫోక్ వెడల్పాటి గోపురంలా, కొమ్మల అంతస్తుల మధ్య ఖాళీలతో ఉంటుంది. కుక్ పైన్ సన్నగా, దట్టంగా, స్తంభంలా పోతుంది. బెంగళూరు లాల్‌బాగ్‌లో ఆకాశాన్ని గుచ్చుతున్నట్టు కనిపించే పాత చెట్లు ఈ రెండో రకానివే.

ఎక్కడ నాటాలి

మీ ప్లాట్ 200 గజాలదైతే దీన్ని నేలలో నాటకండి. ఇల్లు కట్టాక మిగిలే ఐదారు అడుగుల సందులో ఇది పట్టదు. కింది కొమ్మలే ఒక్కో పక్కకు 8 నుంచి 10 అడుగులు చాస్తాయి. 500 గజాల పైన ఉన్న ఇల్లో, శామీర్‌పేట వైపో మొయినాబాద్ వైపో ఫామ్‌హౌసో ఉంటే అప్పుడు ఆలోచించండి. ఇంటి గోడ నుంచి 20 అడుగులు, ప్రహరీ నుంచి 15 అడుగులు వదలండి. సంపు, సెప్టిక్ ట్యాంకు ఎక్కడున్నాయో గుర్తు చేసుకోండి. తర్వాత తల పైకెత్తి చూడండి. పైన కరెంటు తీగ ఉంటే, అది ఎంత ఎత్తులో ఉన్నా సరే, అక్కడ వద్దు. ఈ చెట్టు తల నరికితే ఇక దాని అందం ఉండదు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. కుక్ పైన్ నిటారుగా పెరగదు, భూమధ్యరేఖ వైపు ఒరుగుతుంది. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో 5 ఖండాల్లో 256 చెట్లను కొలిచి చూస్తే సగటు ఒంపు 8.55 డిగ్రీలు వచ్చింది. ఉత్తరార్ధగోళంలో ఉన్నవి దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉన్నవి ఉత్తరానికి వాలాయి. మనం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం కాబట్టి మన చెట్టు వాలేది దక్షిణానికే. లెక్క వేస్తే, 40 అడుగుల చెట్టు కొన మొదలు కన్నా 6 అడుగులు దక్షిణంగా ఉంటుందన్నమాట. మీరు కొన్నది ఏ రకమో తెలియదు కాబట్టి కుక్ పైనే అనుకుని, చెట్టుకు దక్షిణంగా ఇల్లు గానీ, పక్కింటి వాళ్ల డాబా గానీ లేకుండా చూసుకోండి.

ఎత్తయిన చెట్టు నైరుతిలోనే ఉండాలని మా పెద్దమ్మ పట్టుబట్టింది. వాస్తు మీద నాకు పట్టింపు లేదు గానీ, ఆ మూల రోడ్డుకు ఆనుకుని ఉంది, రోడ్డు మీదేమో తీగలున్నాయి. "ఈశాన్యంలో పెట్టను పెద్దమ్మా, నీ మాట సగం విన్నట్టే కదా" అని పడమటి వైపు మధ్యలో పెట్టాను.

నేల సంగతి గడ్డపారతో తేలుతుంది

హైదరాబాద్‌లో పైన అడుగున్నర ఎర్రమట్టి ఉండి కింద బండ ఉండటం మామూలే. స్థలం అనుకున్నాక నాలుగైదు చోట్ల గడ్డపారతో పొడిచి చూడండి. మొరం తగిలితే భయం లేదు, కష్టపడి తవ్వితే వేర్లు దాంట్లోకి దారి చేసుకుంటాయి. పలక బండ ఖంగుమంటే మాత్రం చోటు మార్చండి. బండ మీద నిలబడ్డ ఎత్తు చెట్టు ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలిదుమారానికి వేర్లతో సహా లేచిపోతుంది. కొత్త లేఅవుట్లలో ఇంకో బెడద ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు గడ్డలు, ఇటుక ముక్కలు, టైల్స్ పెంకులు అన్నీ ఆవరణలోనే పూడ్చేసి పైన రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి పరుస్తారు. సిమెంటు సున్నం కలిసిన మట్టిలో అరకేరియా చిగురు పచ్చబడదు, పాలిపోయి ఉంటుంది. ఆ చెత్తంతా తీయించి తీరాలి.

గుంత 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు తీయండి. సాయంత్రం దాన్ని నిండా నీళ్లతో నింపి, పొద్దున్నే వెళ్లి చూడండి. నీళ్లు ఇంకిపోయి ఉంటే మంచిది. చేవెళ్ల వైపు నల్లరేగడిలో తరచూ అవుతున్నట్టు అలాగే నిలిచి ఉంటే గుంతలో నాటకండి. ఆరడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి. ఈ చెట్టు ఎండకు కాదు, నిలవ నీటికి ఎక్కువ భయపడుతుంది.

మొక్క ఎంపిక

కొనేటప్పుడు చూడాల్సింది ఎత్తు కాదు. 10 అడుగుల 'రెడీ' చెట్టు కన్నా 2 అడుగుల మొక్క మేలు. మూడు నాలుగేళ్లలో చిన్నదే పెద్దదాన్ని దాటేయడం నేను చూశాను, ఎందుకంటే పెద్ద మొక్క తన వేర్లను నర్సరీలో వదిలి వస్తుంది. మధ్య కాండం సూటిగా, తల ఒక్కటే ఉండాలి. అన్నింటికన్నా పైనున్న అంతస్తులో కొమ్మలు నాలుగు వైపులా సమంగా పరుచుకుని ఉండాలి. పక్క కొమ్మను కత్తిరించి వేళ్లు పుట్టించిన మొక్కలు కొన్ని వస్తుంటాయి. అవి ఎన్నేళ్లు పెంచినా పక్కకే పాకుతాయి, నిలువుగా చెట్టు కట్టవు. ఒక వైపు చదునుగా, విసనకర్రలా కనిపించే మొక్క వద్దని చెప్పండి. కుండీ అడుగు చిల్లులోంచి వేర్లు బయటకు వచ్చి నేలలో దిగి ఉంటే అదీ వద్దు. ధర నేను చెప్పను, నర్సరీకో ధర ఉంటుంది, బేరం మీది.

నాటడం, నా మొదటి మొక్క చచ్చిన వైనం

మృగశిర కార్తెలో తొలి వాన పడగానే తొందరపడకండి. ఆరుద్ర దాకా ఆగి, రెండు మూడు గట్టి వానలు పడి నేల లోపల చల్లబడ్డాక నాటండి. అంటే జూన్ చివరి వారం నుంచి ఆగస్టు దాకా సమయం ఉంది.

నా మొదటి మొక్కను జులైలోనే నాటాను. ఎరువు వేశాను, పాదు చేశాను, రోజూ నీళ్లు పోశాను. చలికాలమంతా బాగానే ఉంది. మార్చిలో కింది కొమ్మలు రంగు మారాయి, మే రెండో వారానికి మొత్తం ఎండింది. నీళ్లు ఎక్కువై కుళ్లిందనుకుని తవ్వి తీశాను. చుట్టూ మట్టి తడిగానే ఉంది. కానీ మొక్కతో పాటు వచ్చిన మట్టిగడ్డ కుండీలోంచి తీసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, కుండీ అడుగు చిల్లు దగ్గర ఏర్పడ్డ బొడిపె కూడా చెదరలేదు. గడ్డపార మొనతో కొడితే ఇటుకలా రెండు చెక్కలైంది. లోపల ఎండిన పిండి. వేర్లన్నీ ఆ గడ్డ చుట్టూ తాడు చుట్టినట్టు తిరిగి ఉన్నాయి గానీ, ఒక్కటీ బయటికి రాలేదు.

కారణం తర్వాత తెలిసింది. మన నర్సరీలకు చాలా మొక్కలు కడియం నుంచి వస్తాయి. గోదావరి ఒండ్రు మట్టి మెత్తగా, జిగటగా ఉంటుంది, లారీలో చెదరకుండా రావడానికి అది మంచిదే. అదే గడ్డను మన గరుకు ఎర్రమట్టిలో పెడితే రెండూ కలవవు. గడ్డ ఒకసారి ఎండిందంటే పోసిన నీళ్లు దాన్ని తప్పించుకుని చుట్టూ ఉన్న గుల్ల మట్టిలోంచి జారిపోతాయి. పాదు తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం దాహంతో చస్తుంది.

అందుకని రెండోసారి ఇలా చేశాను, మీరూ ఇలాగే చేయండి. నాటే ముందు మొక్కను సంచితో సహా బకెట్ నీళ్లలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచండి. సంచిని బ్లేడుతో చీల్చి తీసేయండి, లాగకండి. గడ్డ పైపొర అంగుళం మందాన చేత్తో నెమ్మదిగా రాల్చి, ఆ మట్టిని గుంతలో మట్టితో కలపండి. చుట్టుకుపోయిన సన్న వేర్లను వేళ్లతో విడదీయండి, లావుగా గుండ్రం తిరిగినదాన్ని ఒక చోట కోసేయండి. అంతకుమించి గడ్డను పగలగొట్టవద్దు, ఈ జాతి వేర్లు కదిలిస్తే తొందరగా కోలుకోవు.

గుంత నింపడానికి తీసిన మట్టినే వాడండి. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి చాలు. మన ఎర్ర నేలల్లో చెదలు ఎక్కువ కాబట్టి వేపపిండి మానకండి. పచ్చి పేడ, యూరియా దగ్గరకు రానివ్వకండి. మొక్క కుండీలో ఎంత లోతులో ఉందో నేలలోనూ అంతే ఉండాలి. కాండం మొదలు మట్టిలో కూరుకుపోతే కుళ్లు మొదలవుతుంది. కాలితో తొక్కి గట్టిపరచకుండా, నీళ్లు పోసి మట్టిని దానంతట అదే సర్దుకోనివ్వండి. గాలి ఎక్కువగా ఉండే చోటైతే ఒక ఏడాది పాటు వెదురు కర్ర పాతి, పాత సైకిల్ ట్యూబుతో వదులుగా కట్టండి. ఏడాది తర్వాత విప్పేయండి. ఊగితేనే కాండం బలపడుతుంది.

మొదటి మూడు వేసవులు

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మూడేళ్ల లోపు అరకేరియాకు ఆ కార్తె దాటడమే పరీక్ష. తర్వాత అది మిమ్మల్ని పెద్దగా ఏమీ అడగదు.

నర్సరీలో గ్రీన్ నెట్ కింద పెరిగిన మొక్క కాబట్టి తెచ్చిన రోజే ఎర్రటి ఎండలో పెట్టకండి. రెండు వారాలు చెట్టు నీడలో ఉంచి, మెల్లగా ఎండకు జరపండి. మొదటి వేసవిలో పడమటి వైపు నాలుగు కర్రలు పాతి నెట్ కట్టండి. మధ్యాహ్నం ఎండ ఆగితే చాలు, పైన కప్పాల్సిన పని లేదు.

నీళ్ల లెక్క మా ఇంట్లో ఇలా నడిచింది. మొదటి వేసవిలో రోజు విడిచి రోజు 15 లీటర్లు, అందులో సగం నేరుగా మట్టిగడ్డ మీద, చెంబుతో నెమ్మదిగా. రెండో వేసవిలో వారానికి రెండుసార్లు 25 లీటర్లు, పాదు వెడల్పు పెంచి. మూడో వేసవిలో వారానికి ఒకసారి 50 లీటర్లు, కొమ్మల అంచు కింద గుండ్రంగా. మీ నేలను బట్టి ఇది మారుతుంది. ఒక ఇనుప చువ్వ ఉంచుకోండి. అడుగు లోతు గుచ్చి తీసినప్పుడు చివర తడి మట్టి అంటితే ఆ రోజు నీళ్లు వద్దు. వానాకాలంలో పాదు గట్టు ఒక వైపు తెంచేయండి.

పాదులో ఎండుటాకులో కొబ్బరి పీచో మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి, కాండానికి మాత్రం జానెడు దూరం వదలండి. దగ్గరగా పోగేస్తే చెదలకు మెట్లు కట్టిచ్చినట్టే.

చాలా ఇళ్లల్లో ఆర్ఓ ఫిల్టర్ వదిలే నీళ్లు వృథా ఎందుకని పైపు మొక్కలకు పెడతారు. ఉద్దేశం మంచిదే గానీ, బోరు నీటిలో ఉన్న లవణాలన్నీ చిక్కబడి వచ్చేది ఆ పైపులోనే. ఈ చెట్టు సముద్రపు గాలికి తట్టుకుంటుంది కదా అని ధైర్యం చేయకండి. కఠిన జలం నెలల తరబడి పడితే మట్టి సున్నపుదవుతుంది, ఇనుము అందక కొత్త చిగుళ్లు పసుపెక్కుతాయి. ఆ నీళ్లతో బాత్‌రూమ్ కడుక్కోండి. చిగురు అప్పటికే పాలిపోయి ఉంటే, చీలేటెడ్ ఐరన్ అని అడిగితే ఎరువుల దుకాణంలో ఇస్తారు, ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో పోయండి. ఎరువంటే ఏడాదికి రెండుసార్లు, జూన్‌లోనూ అక్టోబరులోనూ తట్టెడు వర్మీ కంపోస్ట్ వేస్తే సరి.

తల జోలికి వెళ్లకండి

మామిడి, జామ కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా వస్తాయి కాబట్టి ఇదీ అంతేనని మాలీలు అనుకుంటారు. కాదు. అరకేరియా పెరిగేదంతా నడి మొవ్వు నుంచే. అది పోతే పక్క నుంచి రెండో మూడో తలలు పోటీ పడి లేస్తాయి, చెట్టు త్రిశూలంలా తయారవుతుంది. మా బావ వాళ్ల ఇంట్లో తీగకు తగులుతోందని పైన నాలుగడుగులు కొట్టించారు, ఇప్పుడది చూసినవాళ్లంతా ఏం చెట్టండీ ఇది అని అడుగుతున్నారు. కాకి వాలో, పతంగి దారం చుట్టుకునో మొవ్వు విరిగితే, లేచిన తలల్లో బలమైనది ఒక్కటి ఉంచి మిగతావి చిన్నగా ఉన్నప్పుడే తీసేయండి. సంక్రాంతి అయ్యాక ఒకసారి మాంజా ఏమైనా చిక్కుకుందేమో చూడటం మంచిది.

కింది కొమ్మలు దారికి అడ్డమని నరకడం కూడా వద్దు. నార్ఫోక్ రకంలో పోయిన అంతస్తు మళ్లీ రాదు. పూర్తిగా ఎండినదాన్ని మాత్రం కాండానికి దగ్గరగా రంపంతో కోయండి.

రోగాలు, పురుగులు

తక్కువే. పిండినల్లి కొమ్మల మొదళ్లలో తెల్లటి దూదిలా పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఏప్రిల్‌లో ఆకులు దుమ్ము పట్టినట్టు బూడిద రంగులోకి మారితే ఎర్రనల్లి అని అనుమానించి పైపుతో చెట్టంతా గట్టిగా కడగండి, సగం పోతుంది. లోపలి పాత రెమ్మలు ఎండి రాలడం రోగం కాదు. ఆ రెమ్మలు జిగురుతో ఉంటాయి, ఎండితే బాగా మండుతాయి. ఊడ్చి పక్కన పెట్టండి గానీ చెట్టు కింద తగలబెట్టకండి. దీపావళికి ముందు తప్పకుండా శుభ్రం చేయించండి, రాకెట్లు ఎటు వచ్చి పడతాయో చెప్పలేం.

నేల లేనివాళ్లకు

కుండీలో ఐదారేళ్లు హాయిగా ఉంటుంది. 18 అంగుళాల కుండీ, తూర్పు బాల్కనీ, రెండేళ్లకోసారి మట్టి మార్పు. క్రిస్మస్‌కు హాల్లోకి తెస్తే వారం పది రోజులకు మించి ఉంచకండి, చీకటి గదిలో కొమ్మలు వేలాడిపోతాయి. ఎల్ఈడీ లైట్లు పర్వాలేదు, బరువైన బొమ్మలు వద్దు. కుండీ అంచున తెల్లటి పొర పేరుకుంటే నీళ్లలో ఉప్పు ఎక్కువైందని గుర్తు. వాననీళ్లు పట్టి రెండు మూడుసార్లు నిండా పోసి కిందికి పారనివ్వండి.

పెద్దయ్యాక

మా చెట్టుకు పదేళ్లు, 24 అడుగులు. ఏటా మృగశిరకు ముందు రెండు పనులు చేస్తాను. ఎండిన కొమ్మలు తీయిస్తాను. తర్వాత దారానికి గుండు కట్టి, నిచ్చెనెక్కి, 12 అడుగుల ఎత్తున కాండానికి ఆనించి వదిలి, కింద మొదలుకు ఎంత దూరంలో ఆగిందో కొలుస్తాను. నిరుడు 11 అంగుళాలు దక్షిణానికి, ఈసారి 13. అంటే మాది కుక్ పైనే. ఏడాదికి అంగుళం, రెండంగుళాలు మారితే అది దాని నైజం. ఒక్క వానాకాలంలో ఆ ఒంపు ఒక్కసారిగా పెరిగినా, మొదలు దగ్గర నేల నెర్రె విచ్చి ఒక పక్క లేచినట్టు కనిపించినా వేర్లు వదులవుతున్నాయని అర్థం, వెంటనే తెలిసినవాళ్లను పిలిపించండి. కొట్టేయక తప్పని పరిస్థితి వస్తే సొంత ఇంటి చెట్టే కదా అని గొడ్డలి తీయకండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.